రోజువారీ పనుల మధ్య కుట్టుపని, బొంతపని: తరచుగా అడిగే ప్రశ్నలు

కుట్టు వచ్చినవాళ్లూ నేర్చుకుంటున్నవాళ్లూ నన్ను అడిగే ప్రశ్నల్లో సగం కుట్టు గురించి, మిగతా సగం టైం గురించి. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు, పెద్దవాళ్లు, ఇన్నిటి మధ్య మిషన్ ముందు కూర్చునేది ఎప్పుడు అని. నేను కొన్నేళ్లుగా చేసి చూసి, నాకు పనికొచ్చినవే ఇక్కడ రాస్తున్నాను. బొంత అన్న చోటల్లా నా ఉద్దేశం మూడు పొరల బొంత. పైన అతుకుల గుడ్డ, మధ్యలో దూది పొర, కింద అస్తరు, మూడూ కలిపి కుట్టినది.

నాకు రోజుకి అరగంట కూడా దొరకదు. అంత తక్కువ టైంలో ఏం కుట్టగలను?

మీరు అనుకునేదానికన్నా చాలా ఎక్కువే. రోజుకి 20 నిమిషాల చొప్పున వారానికి ఆరు రోజులు కూర్చుంటే 2 గంటలు. ఏడాదికి 104 గంటలు. ఒక పెద్ద బొంత, నాలుగైదు జతల బట్టలు హాయిగా పూర్తయ్యే టైం అది.

కానీ లెక్క ఇలా కుదరదు. ఎందుకు కుదరదో నాకు ఒకరోజు ఫోన్‌లో టైం చూసుకుంటే తెలిసింది. ఆ సాయంత్రం నాకు సరిగ్గా 20 నిమిషాలు ఉన్నాయి. మిషన్ మీద కవర్ తీశాను, ప్లగ్ పెట్టాను, దారం ఎక్కించాను. బాబిన్, అంటే కింది దారం చుట్టే చిన్న చక్రం, ఖాళీ. బాబిన్ నింపాను. మొన్న ఎక్కడ ఆపానో గుర్తురాక ముక్కలన్నీ పరిచి చూసుకున్నాను. గుండుసూదుల డబ్బా వెతికాను. మొదటి కుట్టు పడేసరికి 14 నిమిషాలు అయిపోయాయి. కుట్టింది 6 నిమిషాలు.

టైం లేకపోవడం ఒక ఇబ్బంది, నిజమే. అయితే ఉన్న కాస్త టైంనీ మింగేసేది ఈ మొదలుపెట్టే తంతు. దాన్ని తగ్గిస్తే 20 నిమిషాలు నిజంగా 20 నిమిషాలవుతాయి. ఈ పేజీలో చాలా జవాబులు ఇక్కడికే తిరిగి వస్తాయి.

కూర్చోగానే పని మొదలవ్వాలంటే ఏం చేయాలి?

లేచేటప్పుడు చేయాలి. చివరి మూడు నిమిషాలు కుట్టకండి, రేపటి మీకు పని సిద్ధం చేయండి.

నేను చేసేది ఇది. తర్వాత కుట్టాల్సిన రెండు ముక్కలు తీసుకుని, మంచి వైపులు లోపలికి వచ్చేలా పెట్టి, గుడ్డని అదిమి పట్టే మిషన్ పాదం కిందకి జరిపి పాదం దించేస్తాను. బాబిన్‌లో ఎంత దారం ఉందో చూస్తాను, తక్కువుంటే అప్పుడే మారుస్తాను. ఎదురుగా ఒక చీటీ పెడతాను. చీటీలో రాసేది వివరంగా ఉండాలి. ‘బొంత పని’ అని రాస్తే రేపు ఉపయోగం లేదు. నా మిషన్ మీద ఇవాళ ఉన్న చీటీ ఇలా ఉంది: ‘3వ వరుస అయింది. 4వ వరుసలో రెండో అతుకు కింద చివర కలవలేదు, 2 అంగుళాలు విప్పి మళ్లీ వేయాలి. ఆ తర్వాత 3నీ 4నీ కలపడం.’ పొద్దున్నే ఐదు నిమిషాలు దొరికినా ఆ 2 అంగుళాలు విప్పేసి వెళ్లొచ్చు.

ఇక బాబిన్లు. ఒక పని మొదలుపెట్టేటప్పుడే నాలుగైదు బాబిన్లు ఒకేసారి నింపుకోండి. రకరకాల రంగుల ముక్కలు అతికేటప్పుడు ప్రతి రంగుకీ దారం మార్చక్కర్లేదు. లేత బూడిద రంగు దారం దాదాపు అన్నిటిలో కలిసిపోతుంది.

ఒక జాగ్రత్త. మిషన్ సూదిని గానీ గుండుసూదుల్ని గానీ గుడ్డలో దించి వారాల తరబడి వదిలేయకండి. గాలిలో తేమ ఉంటే తుప్పు మరక పడుతుంది, అది ఉతికినా పోదు. ఒకటి రెండు రోజులకి ఫర్వాలేదు.

రోజులో ఏ టైం మంచిది?

మీ ఒంట్లో ఓపిక ఉన్న టైం కత్తిరించడానికి, ఓపిక లేని టైం మిగతా వాటికి. అన్ని పనులకీ ఒకే రకమైన శ్రద్ధ అక్కర్లేదు.

కొలవడం, గీయడం, కత్తిరించడం మాత్రం తాజా మనసుతోనే. నేనొకసారి రాత్రి 11 దాటాక, ఈ ఒక్కటీ కత్తిరించేసి పడుకుందాం అనుకుని, చొక్కాకి రెండు చేతులూ ఎడమవైపువే కత్తిరించాను. గుడ్డని మడవకుండా, నమూనా కాగితాన్ని తిప్పి పెట్టకుండా రెండుసార్లు ఒకేలా గీశాను. గుడ్డ మిగల్లేదు. ఆ చొక్కా చేతుల్లేకుండానే పూర్తయింది. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కత్తెర తప్పితే ఇంక అంతే.

తిన్నగా పోయే పొడవాటి కుట్లు మధ్యస్థంగా ఓపిక ఉన్నప్పుడు చేయొచ్చు. బాగా అలిసిపోయి ఉంటే దారం కొసలు కత్తిరించడం, బాబిన్ నింపడం, రేపటి ముక్కలు వరుసలో పేర్చడం, సూదులకి దారం ఎక్కించి పెట్టడం చేసుకోండి. ఇవీ పనిలో భాగమే. ఎప్పుడో ఒకప్పుడు చేయాల్సినవే.

మిషన్ శాశ్వతంగా పెట్టుకునే చోటు మా ఇంట్లో లేదు. ప్రతిసారీ తీసి పెట్టడానికే టైం సరిపోతోంది.

ఈ ఇబ్బంది చాలామందికి ఉంది. గది లేనప్పుడు ట్రేలతో నడిపించొచ్చు. అంచులున్న పెద్ద ట్రే గానీ, లోతు తక్కువ అట్టపెట్టె మూత గానీ తీసుకుని, ఒక పనికి సంబంధించినవన్నీ అందులోనే ఉంచండి. ముక్కలు, దారం, బాబిన్, చిన్న కత్తెర, చీటీ అన్నీ. ట్రే తీస్తే పని బయటికి వచ్చినట్టు, అలమరలోకి తోస్తే సర్దేసినట్టు.

మిషన్ రోజూ ఎత్తి దించడం మానేయండి. వారంలో రెండు రోజులు మాత్రం బయట ఉంచేలా ఇంట్లో మాట్లాడుకోండి. ఆ రెండు రోజుల్లో మిషన్ పని అంతా చేసుకుని, మిగిలిన రోజుల్లో చేతికుట్టు, కత్తిరింపు, ఇస్త్రీ పెట్టుకోండి. ఇలా విభజించుకున్నాక నాకైతే వారం మొత్తం కుట్టిన తృప్తి ఉంటోంది, మిషన్ తీసేది మాత్రం రెండుసార్లే.

మిషన్ మీద కుడుతున్నాను కదా, అయినా ఎందుకింత టైం పడుతోంది?

మిషన్ తగ్గించేది కుట్టు వేసే టైం ఒక్కటే. 1860ల తొలినాళ్లలో వీలర్ అండ్ విల్సన్ అనే మిషన్ల కంపెనీ ఒక లెక్క ప్రకటించింది. మగవాళ్ల చొక్కా చేత్తో కుడితే 14 గంటల 26 నిమిషాలు, మిషన్ మీద గంటా 16 నిమిషాలు. మిషన్లు అమ్ముకునేవాళ్లు చెప్పిన లెక్కే అయినా తేడా పెద్దదే, ఒప్పుకోవాలి. కానీ గుడ్డ ఉతికి ఆరబెట్టడం, ఇస్త్రీ, కొలతలు, కత్తిరింపు, గుండుసూదులు పెట్టడం, మళ్లీ ఇస్త్రీ, ఇవన్నీ ఇప్పటికీ మన చేతిమీదుగా జరగాల్సిందే. ‘ఈ దిండు గలీబు అరగంట పని’ అనుకున్నప్పుడు మన మనసులో ఉండేది మిషన్ తిరిగే అరగంట మాత్రమే. అందుకే ఎప్పుడూ లెక్క తప్పుతుంది, మన మీద మనకే చిరాకు వస్తుంది.

ఒకే రకం పనులు గుంపుగా చేస్తే ఇది బాగా తగ్గుతుంది. కొత్త గుడ్డ కొన్న రోజే మామూలు బట్టలతో పాటు ఉతికేయండి, రంగు దిగేవైతే విడిగా. నూలు గుడ్డ మొదటి ఉతుకులో కాస్త కుదించుకుపోతుంది కాబట్టి ఈ పని ఎలాగూ తప్పదు. ఇస్త్రీ పెట్టె వేడెక్కించిన రోజు రెండు మూడు పనులకి కావాల్సిన గుడ్డలన్నీ ఇస్త్రీ చేసేయండి. కత్తిరించే రోజు ఒక్క కత్తిరింపే పెట్టుకోండి. బొంతపని చేసేవాళ్లకి రోటరీ కట్టర్, అంటే గుండ్రటి బ్లేడు దొర్లుతూ గుడ్డని కోసే కత్తి, ఇక్కడ గొప్ప సాయం. 1979లో జపాన్‌కి చెందిన ఓల్ఫా కంపెనీ దాన్ని తెచ్చింది. కటింగ్ మ్యాట్ మీద స్కేలు ఆనించి ఒక్క లాగుడులో నాలుగు పొరలు కోయొచ్చు, విడివిడిగా గీతలు గీసే పనే లేదు.

పెద్ద బొంత 20 నిమిషాల సిట్టింగుల్లో నిజంగా పూర్తవుతుందా?

అవుతుంది. అయితే ‘బొంత’ అనే పెద్ద ముద్దగా దాన్ని చూడకూడదు. ఒక ఉదాహరణ తీసుకుని పూర్తి లెక్క చెబుతాను.

60 అంగుళాల వెడల్పు, 72 అంగుళాల పొడవు బొంత అనుకోండి, ఒక మనిషి కప్పుకోవడానికి. ముదురు రంగు ఒకటి, లేత రంగు ఒకటి. 12 అంగుళాల గడులు 30 కావాలి, అడ్డంగా 5, నిలువుగా 6. ఒక్కో గడిలో 9 చదరపు ముక్కలు. మొత్తం 270 ముక్కలు. ఈ అంకె వినగానే గుండె జారిపోతుంది, ఒక్కొక్కటీ కత్తిరించి ఒక్కొక్కటీ అతకాలని ఊహించుకుంటాం కాబట్టి.

అలా చేయక్కర్లేదు. 44 అంగుళాల పన్నా (వెడల్పు) ఉన్న గుడ్డని అడ్డంగా 4.5 అంగుళాల వెడల్పు పట్టీలుగా కోయండి. ముదురువి 15, లేతవి 15. రంగుకి 2 మీటర్లు తీసుకుంటే కుదించుకుపోయినా సరిపోతుంది. ఇప్పుడు మూడేసి పట్టీల్ని పొడవునా కలిపి కుట్టండి. ముదురు-లేత-ముదురు వరసలో 5 జట్లు, లేత-ముదురు-లేత వరసలో 5 జట్లు. జట్టుకి రెండు కుట్లు కాబట్టి మొత్తం 20 పొడవాటి కుట్లు. వాటిని ఇస్త్రీ చేసి అడ్డంగా మళ్లీ 4.5 అంగుళాలకొకటి కోస్తే ఒక్కో జట్టు నుంచి 9 కుట్టిన ముక్కలు వస్తాయి. మొత్తం 90. ఇవి మూడేసి కలిపితే ఒక గడి. ముక్కలు విడివిడిగా అతికితే ఇక్కడిదాకా రావడానికే 180 కుట్లు పడేవి. మీరు 20తో వచ్చారు.

తర్వాత గడికి రెండు కుట్ల చొప్పున 60. గడుల్ని వరుసలుగా కలపడానికి 24. వరుసల్ని కలపడానికి 5. మొదటి 20తో కలిపి మొత్తం 109 కుట్లు. ఇప్పుడిది 270 ముక్కల భయం కాదు, 109 కుట్ల జాబితా. కాగితం మీద 109 గడులు గీసుకుని ఒక్కో కుట్టు పడగానే ఒకటి నింపండి. నా వేగంతో కత్తిరింపు, ఇస్త్రీ కలుపుకుని పైగుడ్డకి 40 సిట్టింగుల లోపే పడుతుంది. వారానికి ఆరు చొప్పున చూస్తే ఏడు వారాల లోపు. ముదురు అంచుల గడి, లేత అంచుల గడి మార్చి మార్చి పెట్టుకుంటూ పోతే చివరికి మొత్తం ఒకే చదరంగపు పలకలా కలిసిపోతుంది. గడి ఎక్కడ మొదలై ఎక్కడ అయిందో మీకే కనబడదు.

దీన్లో రెండు చిట్కాలున్నాయి. మొదటిది, గడులు కుట్టేటప్పుడు ఒక ముక్క అయిపోగానే దారం తెంపకుండా వెనకాలే ఇంకో ముక్క పెట్టేయండి. ముక్కలన్నీ తోరణంలా వేలాడుతూ వస్తాయి. చివర్లో ఒకేసారి కత్తిరించుకోవచ్చు. దారమూ మిగులుతుంది, చేతుల కదలికా తగ్గుతుంది. రెండోది, పట్టీల అతుకుల్ని ఎప్పుడూ ముదురు రంగు వైపుకే ఇస్త్రీ చేయండి. అప్పుడు రెండు ముక్కలు ఎదురెదురుగా పెట్టినప్పుడు అతుకులు ఒకటి అటు, ఒకటి ఇటు ఒరిగి, ఒకదాని పక్కన ఒకటి ఇమిడిపోతాయి. వేళ్లతో తడిమితే తెలుస్తుంది, కొంచెం గట్టుగా ఉన్నచోట టక్కున ఆగుతుంది. అలా ఆగిందంటే మూలలు కలిసినట్టే, గుండుసూది లేకపోయినా నడుస్తుంది.

గుడ్డ అంచుకీ కుట్టుకీ మధ్య వదిలే పావు అంగుళం మార్జిన్ అంత కచ్చితంగా ఉండాలా? దాన్ని చూసుకుంటూ కుడితే నెమ్మదిస్తోంది.

ఉండాలి. పై బొంతలో 4.5 అంగుళాల ముక్క రెండు వైపులా పావు అంగుళం పోయి 4 అంగుళాలవుతుంది. మీ కుట్టు అంగుళంలో 16వ వంతు లోపలికి పడిందనుకోండి, ఒక్కో ముక్కకి రెండు వైపులా కలిపి 8వ వంతు తగ్గుతుంది. అడ్డంగా 15 ముక్కలున్నాయి. దాదాపు 2 అంగుళాలు ఎగిరిపోయాయి. అన్ని వరుసలూ ఒకేలా తగ్గితే బొంత చిన్నదవుతుంది, అంతే. ఒకటి తగ్గి ఒకటి తగ్గకపోతేనే విప్పుకోవాలి, ఆ విప్పడానికే సాయంత్రాలు పోతాయి.

ప్రతి కుట్టుకీ కళ్లు చిట్లించి చూడక్కర్లేదు. సూది నుంచి పావు అంగుళం కొలిచి మిషన్ పలక మీద మందపాటి టేపు అతికించండి. గుడ్డ అంచు దానికి ఆనుకుని పోతుంది. మొదలుపెట్టే ముందు మూడు వృథా ముక్కలు అతికి, మధ్య ముక్క సరిగ్గా 4 అంగుళాలు వచ్చిందా కొలవండి. రెండు నిమిషాల పని.

పైగుడ్డ అయిపోయింది. మూడు పొరలు కలపడం దగ్గర ఆగిపోయి నెలలవుతోంది.

అందరూ ఆగేది ఇక్కడే. నేనూ ఆగాను. ఎందుకంటే ఈ ఒక్క దశ చిన్న సిట్టింగుల్లోకి ఒదగదు. నేలంతా ఖాళీ కావాలి, ఒక్క బిగిన కనీసం రెండు గంటలు కావాలి, వీలైతే ఇంకో మనిషి చేయి కావాలి. కాబట్టి దీన్ని పనుల మధ్య దూర్చే ప్రయత్నం మానేసి, ముందే ఒక సెలవు రోజు పొద్దున అని ఇంట్లో చెప్పి పెట్టుకోండి. అస్తరునీ దూది పొరనీ పైగుడ్డ కన్నా నాలుగు వైపులా 3 అంగుళాలు ఎక్కువగా ముందురోజే కత్తిరించి ఉంచండి.

ఆ రోజు అస్తరుని మంచి వైపు కిందకి పెట్టి నేల మీద టేపుతో బిగువుగా అతికించండి. సాగదీయొద్దు, ముడతలు పోతే చాలు. దాని మీద దూది పొర, దాని మీద పైగుడ్డ. మధ్యలోంచి బయటికి పిన్నీసులు పెట్టుకుంటూ రావాలి. అరచేతిని ఎక్కడ ఆనించినా దాని కింద ఒక పిన్నీసు తగలాలి, అదే కొలత. పిన్నీసులు నచ్చకపోతే పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసుకోవచ్చు.

ఇది అయితే మళ్లీ 20 నిమిషాల లోకంలోకి వచ్చేస్తారు. మన చదరంగపు బొంతకి నిలువు అతుకులు 14, అడ్డం అతుకులు 17. వాటి వెంబడే కుడితే 31 గీతలు. మధ్య గీతతో మొదలుపెట్టి, కూర్చున్నప్పుడల్లా రెండేసి. దూది ప్యాకెట్ మీద కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎంత దూరం ఉండొచ్చో రాసి ఉంటుంది, దాన్ని మాత్రం మించకండి. మించితే ఉతికినప్పుడు లోపల దూది ఉండలు కడుతుంది.

అంచు పట్టీకి 2.5 అంగుళాల వెడల్పు పట్టీలు 8 కోసుకోండి. దాన్ని ముందువైపు మిషన్ మీద వేసి, వెనక్కి మడిచి చేత్తో హెమ్మింగ్ చేస్తే వారం రోజుల సాయంత్రాలు హాయిగా గడుస్తాయి. బొంత ఒళ్లో వేసుకుని ఇంట్లోవాళ్లతో మాట్లాడుతూ చేసే పని అది. మొత్తం బొంతపనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం.

బయట ఎదురుచూడాల్సిన టైంలో ఏమైనా చేయొచ్చా?

చేతికుట్టు మొత్తం దానికోసమే ఉందనిపిస్తుంది నాకు. షడ్భుజి ముక్కలు ప్రయత్నించండి. మందపాటి కాగితం మీద ఒకే కొలతలో షడ్భుజాలు కత్తిరించి, ఒక్కోదాని మీద గుడ్డ పెట్టి, అంచులు వెనక్కి మడిచి కచ్చా కుట్టు వేస్తారు. తర్వాత రెండు ముక్కల్ని మంచి వైపులు లోపలికి పెట్టి, అంచుల్ని సన్నగా చుట్టుకుట్టుతో కలుపుతారు. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు, మొత్తం ఏడు కలిస్తే పువ్వు. చుట్టూ అన్ని వైపులా అతుకు పడ్డ ముక్కలోంచి కాగితం తీసి మళ్లీ వాడుకోవచ్చు.

నా బ్యాగులో ఎప్పుడూ ఒక చిన్న రేకు డబ్బా ఉంటుంది. అందులో కత్తిరించిన గుడ్డలు పది, కాగితాలు పది, చిన్న కత్తెర, ముందే దారం ఎక్కించిన ఆరు సూదులు. సూదులు ఒక గుడ్డముక్కకి గుచ్చి, దారాలు దాని చుట్టూనే చుట్టి ఉంటాయి. వెలుతురు సరిగ్గా లేని చోట సూదిలో దారం ఎక్కించే బాధ ఉండదు. దారం మోచేతి నుంచి వేలి కొసదాకా, అంటే సుమారు 18 అంగుళాలు చాలు. పొడుగు పెట్టుకుంటే మాటిమాటికీ దారం ఎక్కించక్కర్లేదని ఆశపడతాం గానీ, చిక్కులు పడి ఉన్న టైం కూడా పోతుంది.

రాత్రి మిషన్ తొక్కితే పక్క గదిలో పడుకున్నవాళ్లకి ఇబ్బంది.

మిషన్ కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేస్తే బల్లలోకి పోయే అదురు తగ్గుతుంది. బల్ల గోడకి తగలకుండా కాస్త జరపండి. చప్పుడు ఎక్కువైందనిపిస్తే ఒకసారి నూనె వేసి, సూది కింద ఉండే పళ్ల పలక అడుగున చేరిన నూగు తీసి చూడండి. అయినా రాత్రుళ్లు చేతికుట్టుకి, పగళ్లు మిషన్‌కి అని పెట్టుకోవడమే మేలు.

చిన్నపిల్లలున్న ఇంట్లో పని మధ్యలో వదిలేసి లేవడం ఎలా?

ఇక్కడ మాత్రం ముందు చెప్పిన ‘సిద్ధంగా వదిలేయండి’ అన్న మాటకి హద్దు ఉంది. లేచారంటే ప్లగ్ తీసేయాలి, ఒక్క నిమిషానికైనా. రోటరీ కట్టర్ బ్లేడు ప్రతి కోతకీ మూసే అలవాటు చేసుకోండి. అది కత్తెరలా కాదు, తాకితేనే తెగుతుంది. గుండుసూదుల్ని లెక్కపెట్టి వాడండి, 20 తీస్తే 20 డబ్బాలోకి వెళ్లాలి. అయస్కాంతం ఉన్న గిన్నె ఉంటే నేల మీద ఒకసారి తిప్పితే పడిపోయినవి దొరుకుతాయి.

కాస్త పెద్ద పిల్లలైతే ముక్కలు రంగులవారీగా పేర్చే పని వాళ్లకి ఇవ్వండి. మీ పని కాస్త నెమ్మదిస్తుంది, నిజమే, కానీ వాళ్లు ఆ బొంతని తమదిగా చూస్తారు.

ఇంట్లోవాళ్ల రిపేర్లూ ఆల్టరేషన్లకే నా కుట్టు టైం అయిపోతోంది.

ఊడిన గుండీ, పాడైన జిప్పు, పొడవు తగ్గించాల్సిన ప్యాంటు. ఒక్కోటి పది నిమిషాలే అంటారు. పైన చెప్పానుగా, మిషన్‌లో దారం మార్చి, మళ్లీ పాతదారం ఎక్కించి, అది పది నిమిషాలు ఎప్పుడూ కాదు.

ఒక బుట్ట పెట్టండి. రిపేరు బట్టలన్నీ ఎవరిది వాళ్లే తెచ్చి అందులో వేయాలి, ఏం చేయాలో చీటీ రాసి గుచ్చాలి. వారానికి ఒక్క రోజు మీరు బుట్ట తీస్తారు. దారాల రంగుల్ని బట్టి వరసగా చేస్తారు, నల్లదారం పనులన్నీ ఒకేసారి, తెల్లదారం పనులన్నీ ఒకేసారి. మిగతా రోజుల్లో అడిగితే, కోపం లేకుండా, ‘బుట్టలో వేయి నాన్నా’ అనండి. గుండీ కుట్టడం మాత్రం పదేళ్లు దాటిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ నేర్పేయొచ్చు. నేర్పాలని నా గట్టి అభిప్రాయం.

నా కోసం నేను కుట్టుకోవడానికి కూర్చుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు ఉంటోంది.

ఈ ప్రశ్న ఆడవాళ్లే ఎక్కువ అడుగుతారు, అడిగేటప్పుడు గొంతు తగ్గించి అడుగుతారు. అన్ని పనులూ అయ్యాక కూర్చుందామనుకుంటే ఇంటిపని ఎప్పటికీ అవ్వదు. మిగిలిన టైంలో కుట్టడం అని పెట్టుకున్నన్నాళ్లూ నాకు మిగిలింది లేదు. ఒక టైం అనుకుని ఇంట్లో అందరికీ చెప్పాను: ‘రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా నన్ను పిలవద్దు, మరీ అవసరమైతే తప్ప.’ మొదటి రెండు వారాలు పిలిచారు. తర్వాత అలవాటైంది. ఆ అరగంట అయ్యాక నేను లేచి వచ్చేటప్పుడు నా మొహం వేరేలా ఉంటుందని మావాళ్లే చెప్పారు.

ఒకేసారి ఎన్ని పనులు నడపొచ్చు?

రెండు. మిషన్ మీద ఒకటి, చేతికుట్టు ఒకటి. మూడోది మొదలుపెట్టాలని చేతులు లాగితే దానికి గుడ్డ ఉతికి, మడిచి, ఒక సంచిలో పెట్టి పేరు రాసి ఉంచండి. ఆత్రం కొంత తీరుతుంది.

కుట్టు వీడియోలు చూస్తూ కూర్చుంటే టైం అయిపోతోంది. ఏం చేయను?

చూసే టైంనీ కుట్టే టైంనీ వేరు చేయండి. కుట్టేటప్పుడు ఫోన్ పక్క గదిలో పెట్టండి. ఏదైనా మెలకువ చూసి చేయాలంటే ముందే చూసి, మూడు నాలుగు మెట్లుగా మీ మాటల్లో చీటీ మీద రాసుకోండి. రాయలేకపోయారంటే ఇంకా అర్థం కాలేదన్నమాట, ఇంకోసారి చూడండి.

మెడ, నడుం పట్టేస్తున్నాయి.

కుర్చీ ఎత్తు ఎక్కువా తక్కువా అయి ఉంటుంది. మిషన్ పలక మీద చేతులు పెట్టినప్పుడు మోచేతులు లంబకోణంలో ఉండాలి, భుజాలు పైకి లేవకూడదు. కుట్టే చోట విడిగా ఒక దీపం పెట్టుకోండి, సగం ఒంగడం వెలుతురు చాలకే. అరగంటకోసారి లేవండి. ఇస్త్రీ పెట్టె నాలుగడుగుల దూరంలో ఉంచితే లేవక తప్పదు.

ఫలానా తేదీకి కానుకగా ఇవ్వాలి. ఎలా లెక్క వేసుకోవాలి?

తేదీ నుంచి వెనక్కి రండి. ఉతికి ఆరడానికి రెండు రోజులు. అంచు హెమ్మింగ్‌కి ఒక వారం. 31 గీతలకి రెండేసి చొప్పున 16 సిట్టింగులు, అంటే దాదాపు మూడు వారాలు. పొరలు కలపడానికి ఒక సెలవు రోజు. పైగుడ్డకి ఏడు వారాలు. జ్వరాలు, చుట్టాలు, కరెంటు పోవడం వంటివాటికి ఇంకో రెండు వారాలు. మన బొంతకి ఇది 13 వారాలు దాటుతోంది. మూడు నెలల కన్నా తక్కువ ఉందా, బొంత బదులు రెండు దిండు గలీబులు కుట్టివ్వండి. వేళకి అందిన గలీబు చూసి ఎవరూ చిన్నబుచ్చుకోరు.

సూది ఎప్పుడు మార్చాలి? దానికీ టైంకీ సంబంధం ఉందా?

ఉంది. మొండిసూది దారం తెంపుతుంది, కుట్టు వదిలేస్తుంది, మీరు మిషన్ చెడిపోయిందనుకుని గంటసేపు అన్నీ తిప్పి చూస్తారు. సుమారు 8 గంటల కుట్టుకి ఒక సూది అన్నది సాధారణ లెక్క. రోజుకి 20 నిమిషాల వాళ్లకి నెలకోసారి. నెల మొదటి రోజున మార్చేయండి. నూలు గుడ్డ అతకడానికి 12 లేదా 14 నంబరు సరిపోతుంది. దారం తెగినా మొదట సూది మార్చి చూడండి, ఆ తర్వాతే మిగతావి.

ఏడాదిగా మిషన్ ముట్టుకోలేదు. మళ్లీ ఎలా మొదలుపెట్టను?

సగంలో ఆగిన పెద్ద పనితో మొదలుపెట్టకండి. అది తెరవగానే ఆగిపోయిన కారణం కూడా ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. మొదటి రోజు మిషన్ దుమ్ము దులిపి, నూనె వేసి, కొత్త సూది పెట్టి, ఒక పాత గుడ్డ మీద ఊరికే తిన్నగా నాలుగు గీతలు కుట్టండి. నూనె మరకలన్నీ ఆ గుడ్డకే అంటుకుంటాయి. రెండో రోజు నాలుగు అంచులూ మడిచి ఒక చేతిరుమాలు. మూడో రోజు ఆ పాత సంచి తీసి, కుట్టకుండా, అందులో ఏముందో మాత్రం చూడండి. ఎక్కడ ఆగిందో, తర్వాతి కుట్టు ఏదో చీటీ మీద రాసి, ఆ రెండు ముక్కల్ని మిషన్ పాదం కింద పెట్టి లేవండి.